పని పంచిన రోజే సమీక్ష మొదలవుతుంది

అమ్మా, ఆశీస్సులు.

కాలేజీలో శాఖాధిపతివి అయ్యావని తెలిసి సంతోషించాను. ఏడాది చివర చేయాల్సిన అధ్యాపకుల పనితీరు సమీక్షలు తలచుకుంటే నిద్ర పట్టడం లేదని రాశావు. నిద్ర మానుకుని ఆలోచించాల్సింది అప్పుడు కాదు, టైంటేబుల్ వేసే వారంలో. ఎవరికి ఏ సబ్జెక్టు, ఎన్ని ల్యాబ్ బ్యాచ్‌లు అని నువ్వు నిర్ణయించిన రోజే వాళ్ల సమీక్ష సగం రాసేసినట్టు.

ఈ సంగతి నాకు ఒక మనిషిని పోగొట్టుకున్నాక గాని తెలియలేదు. మా శాఖలో ల్యాబ్‌లన్నీ ఒకాయన మీదే నడిచేవి. అరవై మందిని ఇరవై చొప్పున మూడు బ్యాచ్‌లు చేసి, బ్యాచ్‌కు మూడు గంటలు వేస్తే ఒక్క సెక్షన్‌కే వారానికి తొమ్మిది గంటలు. ఆయనకు రెండు సెక్షన్లు. రికార్డులు దిద్దడం, చెడిపోయిన పరికరాల వెంట తిరగడం వేరు. మేమేమో ల్యాబ్ గంటను థియరీ గంటలో సగంగా లెక్కకట్టేవాళ్లం. ‘ఈ ఏడాదీ పరిశోధన పత్రం లేదు’ అని ఆయన ఫారంలో రాసింది నేనే. ఆయన మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు, మరుసటి ఏడాది వేరేచోట చేరారు. ఆ పనికి ఇద్దరిని తీసుకున్నాం. అయినా సగం పరికరాలు ఎలా పనిచేస్తాయో చెప్పేవాళ్లు లేక మూలన పడ్డాయి.

అందుకే ముందు ఒక పట్టిక గీయి. థియరీ గంటలు మాత్రమే రాస్తే లాభం లేదు. తొలిసారి చెప్పే సబ్జెక్టుకు తయారయ్యే సమయం, ల్యాబ్‌లు, ప్రాజెక్టుల మార్గదర్శనం, జవాబు పత్రాలు దిద్దడం, కమిటీలు, అన్నీ అందులోకి రావాలి. అక్రిడిటేషన్ (కాలేజీకి నాణ్యతా గుర్తింపు) ఫైళ్లకు ప్రత్యేకంగా ఒక గడి పెట్టు. ఆ పని ఎప్పుడూ కాదనలేని మెతక మనిషి నెత్తినే పడుతుంది. దానికి మార్కులు మాత్రం ఎవరూ వేయరు. పూర్తయిన పట్టిక అందరికీ చూపించు. ‘నాకు ఊపిరాడటం లేదు’ అని రోజూ వినిపించే గొంతు ఎవరిదో, నిజంగా ఊపిరాడనిది ఎవరికో అప్పుడు బయటపడుతుంది. ఆ ఇద్దరూ ఒకరే కావడం నేను అరుదుగా చూశాను.

కొత్త నియామకాలకూ ఆ పట్టికే ఆధారం. అందరూ కృత్రిమ మేధ నిపుణులే కావాలంటారు. రెండో సంవత్సరం వాళ్లకు సర్క్యూట్లు చెప్పేది ఎవరని అడిగితే బల్లకేసి చూస్తారు. రాబోయే ఐదేళ్లలో ఎవరెవరు పదవీ విరమణ చేస్తారో రాసుకుని, వాళ్లతో పాటు ఏ సబ్జెక్టు వెళ్లిపోతుందో చూడు. అభ్యర్థుల చేత వాళ్ల పరిశోధన గురించి మాత్రమే మాట్లాడించకు. ఒక ప్రాథమిక పాఠం విద్యార్థుల ముందే చెప్పించు.

ఇక అంకెల సంగతి. హెచ్-ఇండెక్స్ అంటే ఒకరి పత్రాల సంఖ్యనూ, వాటిని ఇతరులు ఉటంకించిన లెక్కనూ కలిపి చూపే అంకె. హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్తే, ఒక్క అంకె మనిషి పనిని స్థూలంగానే చూపగలదని ఆ పత్రంలోనే రాశాడు. ఆ అంకె వాడేవాళ్లలో ఆ వాక్యం దాకా చదివినవాళ్లు తక్కువ. పరిశోధన పత్రికకున్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (అందులోని పత్రాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకెను) బట్టి అందులో రాసిన వ్యక్తిని తూచవద్దని పరిశోధన మదింపు గురించి 2013లో వెలువడిన శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన చెప్పింది. ఒక్కొక్కరినీ తమ మంచి పత్రాలు రెండు ఇమ్మను, కూర్చుని చదువు. నీ విభాగం కానిది వేరొకరిచేత చదివించు.

విద్యార్థుల అభిప్రాయాలతో ఇంకా జాగ్రత్త. అరవై మందిలో పదకొండు మంది నింపిన ఫారాల సగటు 4.2 వచ్చిందా, 4.0 వచ్చిందా అని ఇద్దరిని పోల్చకు. ఒక ఆన్‌లైన్ కోర్సులో బోధకుల పేర్లు తారుమారు చేసి చూస్తే, బోధించింది ఎవరైనా, స్త్రీ అనుకున్నవారికి తక్కువ మార్కులు పడ్డాయని 2015 నాటి అధ్యయనం ఒకటి తేల్చింది. సగటు పక్కన పెట్టి రాసిన మాటలు చదువు. ‘బోర్డు కనబడదు’, ‘దిద్దిన పేపర్లు తిరిగి ఇవ్వరు’ వంటివి ఏళ్ల తరబడి వస్తుంటే పట్టించుకో.

సమీక్ష రోజున ఎవరూ కొత్త సంగతి వినకూడదు. చెప్పాల్సింది సెమిస్టర్ మధ్యలోనే, తలుపు వేసి, తేదీతో, సంఘటనతో చెప్పు. ‘నిబద్ధత తగ్గింది’ అంటే ఎవరూ ఒప్పుకోరు. ‘మూడు వారాలు ల్యాబ్‌కు ఆలస్యంగా వచ్చారు, కారణమేమిటి’ అంటే జవాబు వస్తుంది. ఆ జవాబు ఒక్కోసారి నీ టైంటేబుల్ మీదికే రావచ్చు, సిద్ధంగా ఉండు. మరొకరితో మాత్రం పోల్చకు. ఆ మాట సాయంత్రానికల్లా ఆ మరొకరి చెవిన పడుతుంది. నీకంటే పెద్దవాళ్లను సమీక్షించేటప్పుడు నీ గదికి పిలిపించుకోకు, నువ్వే వాళ్ల గదికి వెళ్లు.

పట్టిక గీశాక నాకొక ప్రతి పంపు. అందులో మొదట నీ పేరున్న వరుసే చూస్తాను.

నీ మాస్టారు