కీ పనిచేసింది కదా సార్, ఇంక లైసెన్స్ ఉన్నట్టే కదా?

ప్రశ్న: నా కంప్యూటర్‌తో పాటు విండోస్ హోమ్ వచ్చింది. క్లయింట్ల లెక్కల పని కూడా దాంట్లోనే చేస్తాను. పనికి వాడితే విండోస్‌లో ఇంకా ఎక్కువ సౌకర్యాలున్న ప్రో అనే రకం ఉండి తీరాలి, లేకపోతే కేసు అవుతుందని తెలిసినాయన చెప్తే భయపడి ఆన్‌లైన్‌లో చాలా తక్కువ రేటుకి ఒక ప్రో కీ, అంటే యాక్టివేట్ చేసే కోడ్, కొన్నాను. మెయిల్‌లో కీతో పాటు ఒక చిన్న ఫైల్ పంపి, రైట్ క్లిక్ కొట్టి అడ్మిన్‌గా రన్ చేయమన్నారు. చేశాను, యాక్టివేటెడ్ అని వచ్చింది. ఆరు నెలలకి మళ్ళీ యాక్టివేట్ చేసుకోమని అడుగుతోంది, అమ్మినవాడు రిప్లై ఇవ్వట్లేదు. నేను చేసింది నేరమా? నా డబ్బులు వస్తాయా?

సమాధానం: ఆరు నెలలు అన్నారు చూడండి, నాకు అక్కడే విషయం అర్థమైంది. పెద్ద కంపెనీలు వందల కంప్యూటర్లకి ఒక్కో కీ కొట్టుకుంటూ కూర్చోలేవు కాబట్టి వాళ్ళకి కేఎంఎస్ అని ఒక పద్ధతి ఉంటుంది, కంపెనీ లోపలే ఒక సర్వర్ పెట్టుకుంటే మిగతా కంప్యూటర్లు దాన్ని అడిగి యాక్టివేట్ అవుతాయి. అలా వచ్చిన యాక్టివేషన్ 180 రోజులే ఉంటుంది, కంప్యూటర్ మధ్యమధ్యలో సర్వర్‌ని పలకరించి దాన్ని పొడిగించుకుంటూ ఉండాలి. మీ ఫైల్ చేసింది బహుశా ఇదే, ఎవరిదో ఒక సర్వర్‌ని మీ కంప్యూటర్‌కి చూపించింది, అది మూతపడింది, మీ 180 రోజులూ అయిపోయాయి. ఖాయం చేసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే నల్ల విండోలో, ఎస్ఎల్ఎమ్‌జీఆర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ డీఎల్ఐ అని కొట్టండి. వచ్చే బాక్స్‌లో రీటైల్ (విడిగా కొన్నది) అనో ఓఈఎం (కంప్యూటర్‌తో పాటు వచ్చింది) అనో వాల్యూమ్ అనో ఉంటుంది. వాల్యూమ్ అని ఉందంటే అది ఒక సంస్థకి ఇచ్చిన రకం కీ, మీలాంటి ఒక్క మనిషికి విడిగా అమ్మడానికి ఎవరికీ హక్కు లేదు. ఇంకో ముచ్చట, ఆ వాల్యూమ్ లైసెన్స్ అనేది ఉన్న ప్రో మీద వేసుకునే అప్‌గ్రేడ్ మాత్రమే, హోమ్ మీద అది అసలు చెల్లదు. అంటే వాడు నిజంగా ఏదో కంపెనీ మనిషే అయినా సరే మీకు లైసెన్స్ ఇచ్చినట్టు కాదు.

చాలామంది తికమక పడేది ఇక్కడే. యాక్టివేషన్ అంటే సాఫ్ట్‌వేర్ తాళం తెరుచుకోవడం, లైసెన్స్ అంటే లోపలికి రావడానికి ఓనర్ ఇచ్చిన అనుమతి. మారుతాళం చెవితో తలుపు తెరుచుకున్నంత మాత్రాన ఇల్లు మనది అయిపోదు కదా, ఇదీ అంతే. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనమందరం చదవకుండా ఒప్పుకుంటాం చూడండి, నేను లాయర్‌ని అయ్యుండీ మొదటి పదేళ్ళు చదవలేదు, ఆ ఒప్పందంలోనే ఉంది, సరైన లైసెన్స్ ఉండాలి, దానికి తోడు అసలైన కీతోనో, వాళ్ళు ఒప్పుకున్న ఇంకో పద్ధతిలోనో యాక్టివేట్ అయి ఉండాలి అని. రెండూ కావాలి, ఒకటి ఉంటే చాలదు.

మరి సెకండ్ హ్యాండ్ కీలు అమ్మడమే తప్పా అంటే అదీ కాదు, ఇది దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ 2012లో యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో శాశ్వత లైసెన్స్ కొన్నవాడు దాన్ని తిరిగి అమ్ముకోవచ్చని చెప్పింది, కానీ తన దగ్గరున్న కాపీని పనికిరాకుండా చేసేయాలి, పాతికమందికి తీసుకున్న లైసెన్స్‌ని ముక్కలు చేసి అమ్మకూడదు అని కూడా అదే తీర్పులో ఉంది, కీలు అమ్మేవాళ్ళు మొదటి సగమే చెప్పి రెండో సగం మింగేస్తారు. అమెరికాలో 2010లో వెర్నర్, ఆటోడెస్క్ కేసులో అప్పీల్ కోర్టు దీనికి దాదాపు ఎదురుగా చెప్పింది, లైసెన్స్ తీసుకున్నవాడు సాఫ్ట్‌వేర్‌కి ఓనర్ కాదు, అమ్మే హక్కు లేదు అని. మీ కేసులో ఈ చర్చంతా అక్కర్లేదు లెండి, ఆ 180 రోజుల సరుకు రెండు చోట్లా చెల్లదు.

ఇప్పుడు నేరమా అనే భయం. కాపీరైట్ చట్టాల్లో శిక్షల దగ్గరికి వచ్చేసరికి తెలిసి చేశారా లేదా అనేది చాలా చోట్ల చూస్తారు, భారత కాపీరైట్ చట్టం 1957లో 63బి సెక్షన్ కూడా అక్రమ కాపీ అని తెలిసి వాడినవాళ్ళ గురించే మాట్లాడుతుంది. మీరు డబ్బులిచ్చి కొన్నారు, మోసపోయారు, ఆ రోజుకి మీకు తెలియదు. కానీ ఈ సమాధానం చదివాక తెలియదు అనే మాట ఇంక మీ నోట రాకూడదు. రేపటి నుంచి కూడా అదే కాపీ మీద డబ్బులు తీసుకుని క్లయింట్ల పని చేస్తూ ఉంటే మీ పొజిషన్ రోజురోజుకీ బలహీనం అవుతుంది, క్రిమినల్ సంగతి పక్కన పెట్టినా సివిల్‌గా నష్టపరిహారం అడిగే హక్కు కాపీరైట్ ఓనర్‌కి ఉంటుంది.

అసలు నాకు కోపం వచ్చేది మీకు సలహా ఇచ్చిన ఆయన మీద. పనికి వాడితే ప్రో ఉండి తీరాలని విండోస్ ఒప్పందంలో ఎక్కడా లేదు, హోమ్ మీద లెక్కల పని హాయిగా చేసుకోవచ్చు. ఇళ్ళలో వాడుకోవడానికని అమ్మే ఆఫీస్ ప్యాకేజీల్లో కొన్నిటికి వ్యాపారానికి వాడకూడదనే షరతు ఉంది, ఆయన ఆ రెండూ కలిపేసి ఉంటాడు. ప్రో తీసుకోవాల్సింది దాంట్లో ఉన్నవి మీకు కావాలంటేనే, డ్రైవ్ మొత్తాన్ని లాక్ చేసే బిట్‌లాకర్, బయట నుంచి మీ కంప్యూటర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావడం, కంప్యూటర్ సెట్టింగులకి కట్టుబాట్లు పెట్టే గ్రూప్ పాలసీ, ఆఫీసులోని కంప్యూటర్లన్నిటినీ ఒకచోట నుంచి నడిపే డొమైన్‌లో చేరడం, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే హైపర్-వి, ఇలాంటివి. క్లయింట్లతో మీరు రాసుకున్న అగ్రిమెంట్లు మాత్రం ఒకసారి తీసి చూడండి. డేటా ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతాను, లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడతాను అని సంతకం పెట్టి ఉంటే మీకు విండోస్ కంపెనీ కంటే ముందు ఆ క్లయింట్‌తోనే తలనొప్పి.

ఆ ఫైల్ గురించి ఎవరూ అడగరు గానీ నా లెక్కలో అదే అన్నిటికన్నా పెద్ద సమస్య. ముక్కూ మొహం తెలియనివాడు పంపిన ఫైల్‌కి అడ్మిన్ హక్కులిచ్చి రన్ చేశారు, అదే మెషీన్‌లో వేరేవాళ్ళ లెక్కలు ఉన్నాయి. కాబట్టి పైపైన కీ మార్చి ఊరుకోకండి. డాక్యుమెంట్లు మాత్రం బయట డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని మొత్తం తుడిచేసి విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి, పాస్‌వర్డ్‌లన్నీ ఇంకో కంప్యూటర్ నుంచి మార్చండి. కంప్యూటర్‌తో వచ్చిన మీ హోమ్ లైసెన్స్ ఎక్కడికీ పోలేదు, దాని కీ మామూలుగా మదర్‌బోర్డ్‌లోనే ఉంటుంది, హోమ్ ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. అప్పటికీ ప్రో కావాలనిపిస్తే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీలోంచే స్టోర్‌కి వెళ్ళి కొనండి, ఫైళ్ళు ప్రోగ్రాములు ఏమీ పోవు. కొన్నాక బిట్‌లాకర్ ఆన్ చేస్తే 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది, దాన్ని అదే కంప్యూటర్‌లో దాచుకుంటే ఏ కోర్టూ మీ డేటా తెచ్చివ్వలేదు.

ఇక డబ్బులు. తనకి అమ్మే హక్కు ఉందని అమ్మేవాడు హామీ ఇచ్చినట్టే అన్నది అమ్మకాల చట్టంలో పాత సూత్రం, నోటితో చెప్పకపోయినా సరే, కాబట్టి వాడు మీకు బాకీ. కాకపోతే వాడు దొరకాలి కదా, అందుకే కార్డుతో కట్టి ఉంటే ముందు బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, దానికి గడువు ఉంటుంది, ఆరు నెలలు అయ్యాయి కాబట్టి దాటిపోయిందేమో కూడా వాళ్ళనే అడగండి, మధ్యలో ఏదైనా వెబ్‌సైట్ ద్వారా కొంటే వాళ్ళకీ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. కీ వచ్చిన మెయిల్, పేమెంట్ రసీదు, లైఫ్‌టైమ్ జెన్యూన్ అని రాసిన పేజీ స్క్రీన్‌షాట్, డీఎల్ఐ కొడితే వచ్చిన బాక్స్ ఫొటో, ఇవన్నీ కంప్యూటర్ తుడవకముందే తీసి పెట్టుకోండి, తుడిచాక నా దగ్గరికొస్తే నేనూ ఏం చేయలేను.