ఇంటికి రాగానే కుక్కపిల్ల మూత్రం పోయడం గురించి

మీ నాలుగు నెలల కుక్కపిల్ల, మీరు ఇంటికి రాగానే తోక ఊపుతూ కాళ్ల దగ్గరే మూత్రం పోస్తోందని, ఎంత మందలించినా మానడం లేదని రాశారు. అది మొండితనం కాదు. మూత్రాన్ని బిగబట్టే కండరాలపై ఈ వయసులో పూర్తి పట్టు రాదు కనుక, సంతోషం పట్టలేనప్పుడు దానికి తెలియకుండానే నాలుగు చుక్కలు జారిపోతాయి. మందలింపు వెంటనే మానండి. భయం కూడా తోడైతే, అది చెవులు వెనక్కి వాల్చి, నేలకు ఒదిగిపోయి మరింత పోస్తుంది.

తలుపు తీశాక దాని వైపు చూడకుండా, పలకరించకుండా నేరుగా ఆరుబయటికి నడవండి. అది వెంట వచ్చి అక్కడ మూత్రం పోసి, నాలుగు కాళ్లూ నేలకు ఆనించి కుదురుగా నిలబడ్డాకే, పక్కకు తిరిగి కూర్చుని, తల మీద కాకుండా ఛాతీ కింద మెల్లగా నిమరండి. ఇంటికి వచ్చేవారికీ ఇదే చెప్పాలి. నిజానికి కష్టమంతా వారితోనే. నీళ్లు తగ్గించడం మాత్రం పరిష్కారం కాదు.

చాలా కుక్కపిల్లలకు ఏడాది నిండేలోగా ఈ అలవాటు తగ్గిపోతుంది. అయితే నిద్రలో కారుతున్నా, మాటిమాటికీ కొద్దికొద్దిగా పోస్తున్నా, రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించి మూత్ర పరీక్ష చేయించండి.