ఏస్ కింగ్ పట్టుకున్నాం, ఫ్లాప్‌లో ఏమీ తగల్లేదు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఆదివారాలు ఫ్రెండ్సంతా మా మేడ మీద టోర్నమెంట్ పద్ధతిలో పోకర్ ఆడుకుంటామండి, డబ్బుల్లేవు, ఉత్త ప్లాస్టిక్ చిప్సే. మొన్న బ్లైండ్స్ (ఇద్దరు ముందే తప్పనిసరిగా వేసే చిన్న, పెద్ద పందేలు) 500/1,000, బిగ్ బ్లైండ్ యాంటీ (పెద్ద పందెం వాడే అదనంగా వేసేది) ఇంకో 1,000, నా దగ్గర 30,000 ఉన్నాయి. చేతికి రెండు ముక్కలు, ఇస్పేటు ఏస్, డైమన్ కింగ్ వచ్చాయి. 2,500కి రెయిజ్ చేశా (పందెం పెంచా), బిగ్ బ్లైండ్ వాడొక్కడే కాల్ చేశాడు (నాతో సమానంగా వేశాడు). ఫ్లాప్ (బోర్డు మీద అందరికీ కలిపి తిప్పే మొదటి మూడు ముక్కలు) ఆఠీన్ 9, ఆఠీన్ 8, కళావర్ 6. వాడు చెక్ (ఏమీ వేయలేదు), నేను 3,000 వేశా, వాడు 9,000 చేశాడు. ఏస్ గానీ కింగ్ గానీ పడకపోతుందా అని కాల్ చేశా. టర్న్‌లో (నాలుగో ముక్క) 2 పడింది, వాడు ఇంకో 9,000 వేస్తే మళ్లీ కాల్. రివర్‌లో (ఐదోది, చివరి ముక్క) కూడా ఏమీ రాలేదు, ఫోల్డ్ చేసి (ముక్కలు పడేసి) 9,500తో మిగిలా. ఎక్కడ ఆగాల్సింది?
ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వాడు 9,000 చేసిన దగ్గరే ఆగాలండి. అసలు ఆ 3,000 కూడా వేయకుండా చెక్ చేసి టర్న్ ముక్క ఫ్రీగా చూసుంటే ఇంకా బావుండేది. ఎందుకో లెక్కేసి చూద్దాం, ఎందుకంటే ఏస్ కింగ్‌తో చిప్స్ పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఫ్లాప్‌కి ముందు ఏస్ కింగ్ చాలా పెద్ద చెయ్యి, దాంట్లో అనుమానం లేదు. కానీ ఫ్లాప్‌లో ఏస్ గానీ కింగ్ గానీ పడేది మూడుసార్లకి ఒక్కసారే, మిగతా రెండుసార్లూ మీ చేతిలో ఉండేది ఉత్త ఏస్ హై (జత కూడా లేదు, పెద్ద ముక్క ఏస్ ఉందంతే), ఎదుటివాడి దగ్గర 2ల జత ఉన్నా మీరు వెనకే. ఇప్పుడు మీ హ్యాండ్‌కే వద్దాం. వాడు 9,000 చేసేసరికి పాట్ (మధ్యలో చేరిన చిప్స్ మొత్తం) 18,500 అయింది, మీరు ఇంకో 6,000 వేయాలి, అంటే మొత్తం 24,500లో మీది 6,000, కనీసం 24.5 శాతం గెలిచే ఛాన్స్ ఉండాలి. మూడు ఏసులు, మూడు కింగులు కలిపి ఆరు ముక్కలున్నాయి కదా, ఆరు ముక్కలకి టర్న్, రివర్ రెండూ చూస్తే 24 శాతం వస్తుంది కాబట్టి దాదాపు సరిపోయిందే అనిపిస్తుంది. కానీ ఆ 24 శాతం రెండు ముక్కలూ వేరే ఖర్చు లేకుండా చూస్తేనే. వాడు టర్న్‌లో మళ్లీ బెట్ వేస్తాడు, వేశాడు కూడా. ఒక్క ముక్కకి అయితే అది 13 శాతం కూడా లేదు. పైగా ఆ ఆరింట్లో ఆఠీన్ ఏస్, ఆఠీన్ కింగ్ పడితే బోర్డు మీద మూడు ఆఠీన్లవుతాయి, వాడికి ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) వచ్చేయొచ్చు. అవి తీసేస్తే నికరంగా నాలుగే, 47 ముక్కల్లో నాలుగంటే ఎనిమిదిన్నర శాతం. వాడి దగ్గర 10-7 గానీ 7-5 గానీ ఉంటే అప్పటికే స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) అయిపోయింది, మీకు ఏస్ పడినా ఒరిగేదేం లేదు.

మనవైపు పేకాటంటే ముందు రమ్మీయే కదా, 101 పూల్‌లో ముక్కలు బాలేకపోతే మొదట్లోనే డ్రాప్ కొట్టి 20 పాయింట్లతో లేస్తాం, ఒక ముక్క తీసి చూసి లేస్తే 40, మొండిగా కూర్చుంటే 80 దాకా పోతుంది. మీ రెండు కాల్స్ ఆ 80 లాంటివే.

ఇంకోటి, ప్రతి ఫ్లాప్‌కీ ముందు ఈ బోర్డు ఎవరికి తగిలుంటుంది అని చూడండి. మీరు రెయిజ్ చేశారంటే మీ దగ్గర పెద్ద ముక్కలున్నాయని వాడికి తెలుసు, వాడు బిగ్ బ్లైండ్‌లో కూర్చుని చవగ్గా కాల్ చేశాడంటే 8-7, 7-6, 9-8 లాంటి పక్కపక్క ముక్కలు వాడి దగ్గరే ఎక్కువ. 9-8-6 అచ్చంగా వాడి బోర్డు. అదే ఫ్లాప్ డైమన్ క్వీన్, కళావర్ 7, ఇస్పేటు 2 అయితే కథ వేరు, అక్కడ వాడికి ఏమీ తగలని చేతులే ఎక్కువ, ఫ్లష్ డ్రా (ఇంకో ముక్క పడితే ఫ్లష్ అయ్యే చెయ్యి) లేదు, స్ట్రెయిట్ డ్రా లేదు, మీరు పాట్‌లో మూడో వంతు, అంటే 6,500కి 2,200 వేస్తే చాలు, నాలుగుసార్లకి ఒకసారి వాడు ఫోల్డ్ చేసినా ఆ బెట్ దాదాపు గిట్టుబాటే. కాల్ చేశాడా, టర్న్‌లో జాక్ గానీ 10 గానీ పడితే స్ట్రెయిట్‌కి ఇంకో నాలుగు ముక్కలు కలిసి మొత్తం పదవుతాయి, అప్పుడు రెండో బెట్ ధైర్యంగా వేయొచ్చు. 3 పడిందా, చెక్ చేసేయండి. చెక్ చేయడమంటే చేతులెత్తేయడం కాదండీ, ఏస్ హై చివరిదాకా చెక్‌ల మీద వెళ్తే మిస్సయిన డ్రాలన్నిటి మీదా గెలుస్తుంది.

ఇదంతా ఒక్కడే ఎదురున్నప్పటి మాట. ముగ్గురు కాల్ చేసిన పాట్‌లో ఏమీ తగలకపోతే ఎవడో ఒకడికి తగిలే ఉంటుంది, ఊరికే చిప్స్ పోసుకోవద్దు.

ప్రశ్న: ప్రాక్టీస్‌కి ఆన్‌లైన్‌లో కొంచెం డబ్బు పెట్టి ఆడొచ్చా?
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండి. 2020లోనే మన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్, రమ్మీ రెండూ ఆపేసింది, 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి దేశమంతా ఆన్‌లైన్ మనీ గేమ్స్ నిషేధించింది. ఏదో దొడ్డిదారిలో ఆడిస్తామనేవాళ్ల మాట అస్సలు వినొద్దు, మీ డబ్బు పోతే అడగడానికి కూడా ఉండదు. నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు, ఒక పేక తీసుకుని ఏస్ కింగ్ పక్కన పెట్టి, మిగతా 50 ముక్కలు కలిపి మూడేసి తిప్పుతూ ఇది నా బోర్డా, వాడి బోర్డా, బెట్టా చెక్కా అని పైకి చెప్పుకోండి. రోజూ ఒక అరగంట చేస్తే టేబుల్ మీద తడబాటు చాలా తగ్గుతుంది.

ప్రశ్న: గోవాలో లైసెన్సున్న కాసినోలో టోర్నమెంట్ ఆడా. నలుగురం మిగిలాం, ప్రైజ్ ముగ్గురికే, చిప్స్ అందరికీ ఇంచుమించు సమానం. ఏస్ కింగ్‌తో రెయిజ్ చేశా, ఒకడు కాల్, ఫ్లాప్ జాక్-10-4, మూడూ మూడు రంగులు. నేను బెట్ వేస్తే వాడు ఆల్ ఇన్ (ఉన్న చిప్సన్నీ పందెం) అన్నాడు. నన్ను గెలిపించే పది ముక్కలున్నాయని కాల్ చేయబోయి ఆగి ఫోల్డ్ చేశా. పక్కవాళ్లు భయస్తుడివి అన్నారు.
ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మీరు చేసిందే కరెక్ట్, ఆ మాటలు పట్టించుకోకండి. స్ట్రెయిట్‌కి క్వీన్లు నాలుగు, జతకి ఏసులు మూడు, కింగులు మూడు, మొత్తం పది, వాడి దగ్గర ఒక్క జతే ఉంటే రివర్ దాకా 38 శాతం దాకా వస్తుంది, టోర్నమెంట్ మొదట్లో చిప్స్ తక్కువుండి పాట్ పెద్దదైతే నేనూ వేసేస్తా. కానీ ఇక్కడ చూడండి. ప్రైజ్ 50, 30, 20 శాతంగా పంచుతారనుకుందాం. నలుగురికీ సమానంగా చిప్స్ ఉంటే ఒక్కొక్కరి వాటా 25 శాతం. మీరు ఒకణ్ని లేపేసి చిప్స్ డబుల్ చేసుకున్నా వాటా 50 అవదు, లెక్కేస్తే 38.3 మాత్రమే, ఓడితే సున్నా. అంటే స్టాక్ (మీ దగ్గరున్న చిప్స్) మొత్తం ఒకేసారి పందెం పెట్టాలంటే 65 శాతం గెలిచే ఛాన్స్ కావాలి. మీరు అప్పటికే పాట్‌లో కొంత వేశారు కాబట్టి ఆ అంకె కాస్త తగ్గుతుంది గానీ 38కి మాత్రం దిగదు.

అయితే ఒకటి, ఇదే భయం ఎదుటివాడికీ ఉంటుంది. ఈసారి ఆల్ ఇన్ అనే అవకాశం ముందు మీకే వస్తే, వాడి స్టాక్ మీకంటే కొంచెం తక్కువుంటే, ఇదే జాక్-10-4 మీద మీరే ముందు వేసేయండి. వాడు జాక్ జతతో కాల్ చేయడానికి కూడా గిలగిల్లాడతాడు, చేసినా మీకు పది ముక్కలు ఉండనే ఉన్నాయి.