పాత ప్రొజెక్టర్ ఎల్‌సీడీ ప్యానెల్‌తో లేజర్ ప్రయోగం

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ఒక ఫంక్షన్ హాలువాళ్లు పక్కన పెట్టేసిన ప్రొజెక్టర్ నాకు దొరికింది. అందులోని ఎల్‌సీడీ ప్యానెల్‌ను లైట్ మాడ్యులేటర్‌గా (తనగుండా వెళ్లే కాంతిని మనకు కావలసినట్టు మార్చే సాధనంగా) వాడి ప్రాజెక్టు చేయవచ్చా?

జవాబు: నిస్సందేహంగా చేయవచ్చు. 1964లో వాండర్ లుగ్ట్ అనే శాస్త్రవేత్త ఆకారాలను గుర్తుపట్టే ఆప్టికల్ ఫిల్టర్‌ను ప్రతిపాదించిన కాలంలో బొమ్మనైనా ఫిల్టర్‌నైనా ఫిల్ముపై ముద్రించి డెవలప్ చేయవలసి వచ్చేది. 1980లలో పరిశోధకులు చిన్న ఎల్‌సీడీ టీవీల తెరలను విప్పి వాడడం మొదలుపెట్టాక, కంప్యూటర్ నుంచే క్షణాల్లో బొమ్మ మార్చడం సాధ్యమైంది. మీరు చేయబోయేది కూడా అదే.

ముందుగా అది డీఎల్‌పీ ప్రొజెక్టర్ కాదని నిర్ధారించుకోండి, ఎందుకంటే వాటిలో ద్రవస్ఫటికాలకు బదులు సూక్ష్మమైన అద్దాలుంటాయి. ల్యాంపుకు విద్యుత్తునందించే బోర్డులో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది కనుక, దాన్ని అనుభవజ్ఞుడైన మెకానిక్ సమక్షంలోనే విప్పండి.

ఇక అసలు విషయం ధ్రువణం, అంటే కాంతి తరంగం కంపించే దిశ. ట్విస్టెడ్ నెమాటిక్ ప్యానెల్ (ద్రవస్ఫటిక అణువులు మెలితిరిగి అమరిన ఎల్‌సీడీ) కాంతిని తనంతట తాను ఆపదు. వోల్టేజీని బట్టి దాని ధ్రువణ దిశను మారుస్తుంది, ఆ మార్పును వెలుగునీడలుగా చూపేది ప్యానెల్‌కు ముందొకటి, వెనకొకటి ఉండే రెండు పోలరాయిడ్లే (ఒకే దిశలో కంపించే కాంతిని వదిలే ఫిల్టర్లు). వాటిని విడిగా, తిప్పగలిగే స్టాండ్లకు బిగించండి. కొన్ని కోణాల్లో తీవ్రత పెద్దగా మారకుండా దశ (తరంగం ముందుకో వెనక్కో జరగడం) మాత్రమే మారుతుంది, కానీ ఇలాంటి ప్యానెళ్లలో అది సాధారణంగా పూర్తి 2π వరకు, అంటే ఒక పూర్తి తరంగం మేరకు చేరదు. అందుకే హోలోగ్రాముల జోలికి పోకుండా తీవ్రత మార్పుతోనే ప్రారంభించమని నా సలహా.

0.7 అంగుళాల ఎక్స్‌జీఏ (1024×768 పిక్సెళ్ల) ప్యానెల్‌లో పిక్సెళ్ల మధ్య దూరం సుమారు 14 మైక్రాన్లు. 650 నానోమీటర్ల లేజర్ పుంజాన్ని వెడల్పు చేసి దానిగుండా పంపి, 500 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కుంభాకార కటకాన్ని పెడితే, నాభీతలంలో (కటకం నుంచి నాభ్యంతరమంత దూరంలో) పిక్సెళ్ల గళ్లకు కాంతి చీలి వంగడం వల్ల కలిగే వివర్తన చుక్కలు దాదాపు 23 మిల్లీమీటర్ల ఎడంలో కనిపిస్తాయి. తెరపై 16 పిక్సెళ్లకొకటి చొప్పున అడ్డంగా, నిలువుగా గీతలు గీస్తే, వాటి చుక్కలు సుమారు 1.45 మిల్లీమీటర్ల ఎడంలో వస్తాయి. 10 మిల్లీమీటర్ల రంధ్రమున్న అట్టను నాభీతలంలో మధ్య చుక్కపై కేంద్రీకరించి పెట్టి, అలాంటిదే రెండో కటకంతో ప్రతిబింబాన్ని చూస్తే, పిక్సెళ్ల గళ్లు మాయమై మీ గీతలే మిగులుతాయి. ఆ అట్ట స్థానంలో మధ్య చుక్కల వరుసను మాత్రమే వదిలే అడ్డ చీలికను పెడితే, ప్రతిబింబంలో అడ్డగీతలు పోయి నిలువు గీతలు మాత్రమే కనిపిస్తాయి. ప్యానెల్ నుంచి ప్రతిబింబం వరకే సుమారు రెండు మీటర్లు పడుతుంది కనుక, లేజర్‌కు, పుంజాన్ని వెడల్పు చేసే కటకాలకు అంతకంటే పొడవైన బల్ల కావాలి. ప్రతిబింబాన్ని తెల్లకాగితంపైనే చూడండి, పుంజంలోకి కన్ను పెట్టకండి.