కడిగి వాడుకునే ఎయిర్ ఫిల్టర్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ కారుకు కడిగి మళ్ళీ వాడుకునే ఎయిర్ ఫిల్టర్ బిగించుకున్నావని అక్కయ్య ఫోనులో చెప్పింది. ముందుగా బానెట్ ఎత్తి అది నిజంగా ఆ రకమేనా అని చూసుకో. నూలు గుడ్డ పొరలను సన్నని జాలీల మధ్య మడతలుగా పేర్చి, ఎర్రని నూనె పట్టించినదైతేనే ఈ ఉత్తరం నీకు పనికివస్తుంది. కాగితం ఫిల్టర్‌ను నీళ్ళలో ముంచితే అది ఇక చెత్తబుట్టకే.

ఈ రకానికి పేరుపొందిన అమెరికా కంపెనీ కే అండ్ ఎన్, మామూలు రోడ్ల మీద సుమారు 80,000 కిలోమీటర్ల దాకా కడగనక్కర లేదంటుంది. కానీ నువ్వు రోజూ తిరిగేది తాండూరు నాపరాళ్ళ గనుల దారిలో, బండల లారీల వెనుక. కనుక ప్రతి సర్వీసుకూ తీసి చూడు. దుమ్ము పట్టినా జాలీ తీగ అంతటా కనిపిస్తూనే ఉంటే మాత్రం ముట్టుకోకు. ఊరికే కడగడం వల్ల నూలు నలగడం తప్ప లాభం లేదు.

ఇంజను చల్లారాక ఫిల్టర్ తీసి, ఇంజనుకు గాలి వెళ్ళే గొట్టం మూతిని శుభ్రమైన గుడ్డతో మూసిపెట్టు. ఫిల్టర్‌ను మెల్లగా తట్టి పొడి దుమ్ము రాల్చి, దానికోసం అమ్మే క్లీనర్‌ను రెండు వైపులా కొట్టి నీడలో పది నిమిషాలు ఉంచు. అది ఫిల్టర్ మీద ఆరిపోకూడదు. తర్వాత కుళాయి నీటిని సన్నగా వదిలి, ఇంజను వైపు నుంచి బయటి వైపుకు పారేలా కడుగు. ఎదురు వైపు నుంచి పోస్తే మురికి ఇంకా లోపలికే దిగుతుంది. పెట్రోలు, డీజిలు దాని దగ్గరికి రానీయకు.

ఆరబెట్టడంలోనే అందరమూ తొందరపడతాము. ఒకసారి పెళ్ళికి వెళ్ళే హడావిడిలో నేను పంచర్ షాపులో గాలి కొట్టించాను. ఇంటికి వచ్చి చూస్తే ఒక మడత మీద నూలు విడిపోయి, కందిగింజ దూరేంత సందు పడింది. ఫిల్టర్ ఖర్చు, పెళ్ళికి ఆలస్యం రెండూ మిగిలాయి. నీళ్ళు విదిలించి, రాత్రంతా నీడలో పెట్టు.

పూర్తిగా ఆరాకనే ఈ ఫిల్టర్ల కోసం అమ్మే నూనె పట్టించాలి. ఇంజన్ ఆయిల్ దీనికి పనికిరాదు. ఒక్కొక్క మడత పొడవునా ఒక్కసారే సన్నని గీతలా పోసి ఇరవై నిమిషాలు ఆగితే, ఎరుపు మెల్లగా పాకుతూ తెల్ల మచ్చలు ఎక్కడ మిగిలాయో అదే చూపిస్తుంది. అక్కడ మాత్రమే మరో చుక్క వేయి. ఎక్కువైన నూనె గాలితోపాటు వెళ్ళి, గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్‌లోని వేడి తీగకు పట్టుకుంటుంది. అప్పుడు ఐడిలింగ్, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం, ఊగిసలాడుతుంది, చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది, మెకానిక్ వేరే చోట వెతుకుతాడు.

బిగించేటప్పుడు రబ్బరు అంచు చుట్టూ సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడు. వారం తర్వాత ఫిల్టర్‌కు అవతల గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడు. దుమ్ము అంటితే అంచు సందునుంచి గాలి దూరుతున్నట్టే. ఫిల్టర్ ఆరేలోపు కారు అవసరమైతే పాత కాగితం ఫిల్టర్ పెట్టుకుని వెళ్ళు కానీ, ఫిల్టర్ లేకుండా మాత్రం వీధి చివరి దాకా కూడా నడపవద్దు.

ఇట్లు,
మామయ్య