డిమెన్షియా (మతిమరుపు, అయోమయం వచ్చే జబ్బు) ఉన్న అమ్మను వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు విమానంలో తీసుకెళ్లవచ్చా?

జబ్బు మరీ ముదరకపోతే చాలామందిని తీసుకెళ్లవచ్చండి. ముందు డాక్టరుగారిని ఒకసారి అడగండి. గాల్లో ఉండేది సుమారు గంటే, అసలు టెన్షన్ అంతా ఎయిర్‌పోర్టులోనే.

టికెట్ తీసుకునేటప్పుడే డిమెన్షియా సంగతి చెప్పి, వీల్‌చైర్ సాయం అడగండి. కనీసం 48 గంటల ముందైనా చెప్పేయండి. అమ్మ బాగానే నడుస్తున్నా సరే, అడగండి. లైన్లో నిలబెట్టే బాధ తప్పుతుంది.

సెక్యూరిటీ దగ్గర జాగ్రత్త. ఆడవాళ్ల తనిఖీ తెర వెనక వేరుగా జరుగుతుంది, కొడుకు పక్కన ఉండలేడు. మా అత్తయ్యను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు, హ్యాండ్‌బ్యాగ్ ట్రేలో పెట్టమంటే గుండెలకు హత్తుకుని వదల్లేదు. "నా తాళాలున్నాయి, ఇవ్వను" అని ఒకటే ఏడుపు. రెండోసారి నేను కూడా తెర దగ్గరిదాకా వెళ్లి, అక్కడి మహిళా సిబ్బందికి నెమ్మదిగా విషయం చెప్పాను. ఎంత ఓపిగ్గా చూశారో! అందుకే వీలైతే ఇంట్లో ఆడవాళ్లను ఒకరిని తోడు తీసుకెళ్లండి.

చాలామందికి సాయంత్రమయ్యేసరికి కంగారు ఎక్కువవుతుంది. పొద్దున ఫ్లైటే మేలు, కానీ నిద్ర చెడగొట్టేంత తెల్లవారుజామున వద్దు. మందులు, డాక్టరు రాసిన మందుల చీటీ, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచండి. మీ ఫోన్ నంబరు రాసిన కాగితం ఆవిడ దగ్గర పెట్టండి. పడుకుంటారులే అని సొంతంగా నిద్రమాత్ర మాత్రం వేయకండి, దాంతో అయోమయం పెరగొచ్చు, తూలి పడొచ్చు.