మహానంది నీళ్ళలో ట్రౌట్ బతుకుతుందా?

ఊట వాగులు ట్రౌట్ అనే చల్లనీటి చేపకి, ఫ్లై ఫిషింగ్‌కి (ఫ్లై అనే పురుగులాంటి ఉత్తుత్తి ఎరతో గాలం వేయడానికి) ఎందుకంత అనువైనవి, మన మహానంది నీళ్ళలో ట్రౌట్ వదిలితే బతుకుతుందా అని అడిగారు. మాది మహానంది దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా పెన్సిల్వేనియాలో నాలుగేళ్ళు ఉన్నప్పుడు కార్లైల్ ఊళ్ళోని లీటార్ట్ అనే ఊట వాగులో ఫ్లై వేయడం నేర్చుకున్నాను.

వాన మీద ఆధారపడే వాగుకి నిలకడ ఉండదు. మన కుందూ నది సంగతి మీకు తెలిసిందే, వానొస్తే పొలాల మీదికి ఎక్కుతుంది, ఎండాకాలం చిక్కిపోతుంది. ఊట వాగుకి నీరు సున్నపురాయి పగుళ్ళలోంచి వస్తుంది కాబట్టి మట్టం, చల్లదనం ఏడాదంతా పెద్దగా మారవు. లీటార్ట్ ఊట దగ్గర జనవరిలో గట్టు మీద మంచు పేరుకుని ఉంటే నీళ్ళ మీద ఆవిరి లేచేది. జులైలో అవే నీళ్ళలో చెయ్యి పెడితే జివ్వుమనేది. ఉండేది దాదాపు 10, 12 డిగ్రీలు. ట్రౌట్‌కి కావలసిందే అది. 20 దాటితే దానికి ఊపిరాడదు, 25 దాటితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక తిండి. సున్నం కరిగిన నీళ్ళలో నాచు, మొక్కలు దట్టంగా పెరుగుతాయి. ఒకసారి గుప్పెడు నాచు తీసి అరచేతిలో విప్పి చూస్తే, గోధుమ గింజంత పురుగులు, అచ్చం రొయ్య పిల్లల్లాంటివి, పదీ పన్నెండు గిలగిలా కొట్టుకున్నాయి. వాటిని స్కడ్ అంటారు. ఇంత తిండి ఉన్నచోట ట్రౌట్ వేటకి తిరగదు. ఒకేచోట నిలబడి, ఎదురొచ్చిన పురుగుని పరీక్షగా చూసి మరీ తింటుంది. ఈకలు, దారం చుట్టి పురుగులా కట్టిన ఫ్లైకి పని పడేది ఇక్కడే. కానీ నీరు అద్దంలా ఉంటుంది, పారడం నిదానం. దారం కాస్త లాగి ఫ్లై పక్కకి జారినా చేప మొహం తిప్పుకుంటుంది. మొదటి మూడు నెలలు నాకు ఒక్కటీ పడలేదు. అక్కడి పెద్దాయన ఒకరు నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, వెంట్రుకంత సన్నని దారం కట్టించాక పడింది.

మహానందిలో తేటదనం ఉంది, ఎండాకాలంలోనూ తగ్గని ధార ఉంది. చల్లదనమే లేదు. ఊట నీటి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. మన దగ్గర అది 28 చుట్టుపక్కల. అందుకే ట్రౌట్ బతకదు. పైగా అది దేవుడి కోనేరు, ఆ ఆలోచన వద్దండీ.

మన దేశంలోనే చూడాలనుంటే కాశ్మీర్‌లోని కోకర్‌నాగ్ వెళ్ళండి. కొండ అడుగున ఊటలు, పక్కనే ప్రభుత్వ ట్రౌట్ పెంపక కేంద్రం ఉన్నాయి. గాలం వెయ్యాలంటే మాత్రం అక్కడి మత్స్యశాఖ పర్మిట్ ముందే తీసుకోండి.